మూడో గుంజ

బోదిల్ ఫోన్ చేస్తే
గాలికి కంచె ఒరిగిందనుకున్నాను.
లిమ్‌ఫ్యోర్ద్ తీరంలో గాలికి అంతకన్నా పనేముంది.
వెళ్ళి చూస్తే
వాగు వైపు నుంచి మూడో గుంజ ఒక్కటే
తప్పతాగినవాడిలా పక్కకి వాలింది.
మిగతావి నిటారుగా, ఏమీ ఎరగనట్టు.

గుంజ నెత్తిన వెంట్రుకలు.
తెల్లవి, మందమైనవి,
కొయ్య చీలికల్లో ఇరుక్కుని ఊగుతున్నాయి.
నేను వడ్రంగిని, గుర్రాల సంగతి నాకేం తెలుసు.
కానీ కొయ్య అబద్ధమాడదు.

దాని పేరు మ్యోల్.
వాళ్ళ దీవి భాషలో, అప్పుడే పడ్డ పొడిమంచట.
ఐస్‌లాండ్ నుంచి విమానంలో
నిలబడే వచ్చింది.
ఒకసారి దాటిన గుర్రాన్ని మళ్ళీ రానివ్వదట ఆ దీవి. చట్టం.
మెడ మీద జూలు దుప్పటంత ఉంది,
తోక మొదలు మాత్రం
అరిగిపోయిన సీసాల బ్రష్షు.

"పొగరు" అన్నాడు పక్క పొలం ఎస్కిల్.
"పురుగులు" అంది పాల బండి నడిపే అమ్మాయి.
దురద గురించి అందరికీ తెలుసు,
గోక్కునేదానికి తప్ప.

డాక్టర్ షెల్సన్ తెల్లారకముందే వచ్చాడు.
తోక ఎత్తి, కింద టేపు ముక్క అంటించి
చర్రున లాగి
గాజు పలక మీద పరిచాడు.
నులిపురుగులైతే రాత్రిపూట గుడ్లు అక్కడే పెడతాయట.
మ్యోల్ చెవులు వెనక్కి వేసింది.
గుడ్లు లేవు.
తేలిక జవాబు చేజారినవాడిలా
ఆయన టోపీ సర్దుకున్నాడు.

తర్వాత గోరువెచ్చటి నీళ్ళు, దూది.
పొదుగు రెండు సగాల మధ్య
తారులాంటి నల్లటి జిడ్డు.
బోదిల్ గడ్డిలో మోకాళ్ళ మీద కూర్చుని
పావుగంట సేపు తీసింది.
గుర్రం కళ్ళు అరమూసి, కింది పెదవి వేలాడేసింది.
"ఇదా! ఇన్నాళ్ళూ ఇదా!" అని
ఏడ్చినంత పని చేసింది బోదిల్.
నేను గుంజ పాతి, దిమ్మిస కొట్టి ఇంటికొచ్చాను.

నాలుగు రోజులు.

అయిదో రోజు మళ్ళీ ఫోను.
కందకు లేని దురద కత్తిపీటకెందుకంటారు.
ఇక్కడ దురద కందకే,
అరిగిపోతున్నది నా కత్తిపీట.
ఈసారి వెంట్రుకలతో పాటు రక్తం.

ఆ సాయంత్రం నేను వెళ్ళిపోలేదు.
సుత్తి పక్కన పెట్టి గట్టు మీద కూర్చున్నాను.
గాలి పడిపోయింది.
ఏడాదికి ఏ పది సాయంత్రాలో అలా పడిపోతుంది.
వాగు మీంచి పొగలా లేచాయి
నుసుములు.
ముందు నా మెడ మీద, ఆ తర్వాత దాని మీద.
మ్యోల్ గడ్డి వదిలేసి నేరుగా వచ్చింది,
నావైపు చూడను కూడా చూడకుండా
వెనక్కి తిరిగి
గుంజకి ఆనింది.
ఒక కొయ్యని ఎవరైనా
అంత అవసరంగా నమ్మడం
నేనెప్పుడూ చూడలేదు.

షెల్సన్‌కి చెప్తే తలూపాడు.
ఆ దీవిలో ఈ నుసుములు లేవట.
ఇక్కడ పుట్టినవి చాలావరకు ఒక్క విసురు విసిరి ఊరుకునే కాటుకి
దీని ఒళ్ళు రోజుల తరబడి మండుతుందట.

పూర్తిగా నయంచేసే మందు లేదు. ఉన్నవి చిన్న చిన్న పనులు.
పొద్దు వాలకముందే లోపల కట్టెయ్యడం.
పాకలో పెద్ద ఫ్యాను, ఆ రెక్కలు తట్టుకోలేనంత గాలి.
చెవుల నుంచి తోక దాకా చారల దుప్పటి.
తోక మొదట నూనె, బోదిల్ వేళ్ళతో.
నా వంతుకి నేను
కంచెని వాగు నుంచి నూట ఇరవై అడుగులు వెనక్కి జరిపాను.
ఎవరూ అడగలేదు. పదహారు గుంజలు.

అక్టోబరుకి తోక మీద
కోతయిన చేలో కొయ్యకాళ్ళలా గరుకు మొలకలు.
మంచు పడింది, నుసుములు పోయాయి,
అయినా అప్పుడప్పుడు వచ్చి
కొత్త గుంజకి ఊరికే ఆనుకుంటుంది.

పీకేసిన మూడో గుంజ నా కొట్లో ఉంది.
ఒక పక్క అద్దమంత నునుపు.
ముప్పై ఏళ్ళుగా చిత్రిక పడుతున్నాను,
ఈ నునుపు నా చేతికి రాలేదు.
కోసి ఉలికి పిడి చేద్దామని
రెండుసార్లు రంపం తీశాను.
బోదిల్ బిల్లులో దాని ఖరీదు వెయ్యలేదు.
ఎందుకని అడిగితే
మరిచిపోయానన్నాను.